ఒక్క మాట చెప్పే తూనిక, పద్దెనిమిది పనుల కత్తెర

పాత రాతబల్లల సామగ్రిని సేకరించేవాళ్ల ఇళ్లలో రెండు రకాల వస్తువులు తరచుగా ఒకే అరలో కనిపిస్తాయి. ఒకటి, ఉత్తరాలను తూచే చిన్న తూనిక. రెండోది, ఒకే పిడిలో నాలుగైదు పనులను ఇముడ్చుకున్న బహుళార్థ సాధనం. కవరు చీల్చే కత్తిలో పెన్సిలు దాగి ఉంటుంది, పెన్సిలు కొసన లక్క మీద అద్దే ముద్ర ఉంటుంది, కత్తెర పిడే సుత్తి అవుతుంది. వేలం జాబితాలు కూడా ఈ రెండింటినీ రాత సామగ్రి అనే ఒక్క పద్దు కింద కలిపేస్తాయి. కలపడానికి కారణాలు లేకపోలేదు. రెండూ పందొమ్మిదో శతాబ్దపు ఉత్తరాల వెల్లువలోనే పెరిగాయి. రెండూ ఇత్తడి, వెండి, ఉక్కు పనివాళ్ల చేతుల్లోంచే వచ్చాయి. అయినా వీటిని ఒకే కొలతతో మెచ్చుకోవడం సరికాదు. తూనిక తన మాట నిజమని బయటి లోకానికి రుజువు చేసుకోవాలి. బహుళార్థ సాధనం కొన్నవాడి ముచ్చట తీరిస్తే చాలు. వాటి రూపం, వాటి లోపం, వాటిని దాచుకునే పద్ధతి, అన్నీ ఈ తేడా దగ్గరే దారులు చీలతాయి.

ఇంటింటి ఉత్తరాల తూనికకు పుట్టినరోజు ఉంది: 1840 జనవరి 10. అంతకు ముందు బ్రిటన్‌లో ఉత్తరం రుసుము ముఖ్యంగా దూరాన్ని, కాగితాల సంఖ్యను బట్టి ఉండేది. రెండు కాగితాలు పంపితే రెట్టింపు. కవరు పెడితే అదీ ఒక కాగితం కిందే లెక్క. అందుకే జనం రాసిన కాగితాన్నే మడిచి, లక్క అంటించి, దాని వీపు మీదే చిరునామా రాసేవాళ్లు. లోపల ఇంకో కాగితం ఉందేమోనని తపాలా గుమాస్తాలు ఉత్తరాన్ని దీపపు వెలుగుకు ఎత్తిపట్టి చూసేవాళ్లు. రుసుము చాలాసార్లు అందుకున్నవాళ్ల మీద పడేది. 1837లో రోలాండ్ హిల్ వెలువరించిన తపాలా సంస్కరణ కరపత్రం ఈ చిక్కుముడినంతా పక్కకు తోసి ఒక్క ప్రమాణాన్ని నిలబెట్టింది. అది బరువు. 1840 జనవరి 10 నుంచి అర ఔన్సు లోపు ఉత్తరం దేశంలో ఎక్కడికైనా ఒక పెన్నీ, ఔన్సు దాకా రెండు పెన్నీలు. ముందే కట్టకపోతే రెట్టింపు. ఆ ఏడాది మే నెలలో పెన్నీ బ్లాక్ స్టాంపు వచ్చింది.

అర ఔన్సంటే 14 గ్రాముల పైచిలుకు. చేతిలో పట్టుకుని చెప్పగలిగిన బరువు కాదది. కాగితం మందం మారినా, లక్క కాస్త ఎక్కువ పడినా గీత దాటుతుంది. అంతవరకూ తపాలా గుమాస్తా చేతిలో ఉన్న నిర్ణయం ఒక్కసారిగా ఉత్తరం రాసేవాడి బల్ల మీదికి వచ్చింది. ప్రభుత్వం ఎలా లెక్కిస్తుందో అలాగే తానూ ఇంట్లో కూర్చుని లెక్కించుకునే హక్కు, అవసరం రెండూ పౌరుడికి కలిగాయి. తూనికను నేను ఇంతగా గౌరవించడానికి మొదటి కారణం ఇదే. చూడటానికి అలంకార వస్తువులా ఉన్నా, అది ప్రభుత్వానికీ మనిషికీ మధ్య కుదిరిన ఒక ఒప్పందానికి సాక్షి.

ఆ సాక్ష్యాన్ని బర్మింగ్‌హామ్ ఇత్తడి పనివాళ్లు వెంటనే అందుకున్నారు. ఆర్.డబ్ల్యు. విన్‌ఫీల్డ్ 1840లోనే కొవ్వొత్తి స్తంభం ఆకారంలో ఒక స్ప్రింగు తూనికను నమోదు చేయించాడు. గుండ్రటి పీఠం, దాని మీద సన్నటి గొట్టం, గొట్టం పైన చిన్న పళ్లెం. ఉత్తరం పెడితే పళ్లెం కిందికి దిగుతుంది, గొట్టం మీద చెక్కిన గీతల దగ్గర సూచిక ఆగుతుంది. అప్పటి ఇళ్లలో కొవ్వొత్తి స్తంభం లేని రాతబల్ల ఉండేది కాదు. కొత్త పనిముట్టు పాత స్నేహితుడి వేషంలో వచ్చి కూర్చుంది. వేషం కొవ్వొత్తిదే అయినా అది వెలుగు ఇస్తానని చెప్పలేదు, తూకం ఒక్కటే చెప్పింది.

దాని పక్కన అదే ఊళ్లో, అదే దశకంలో జాన్ షెల్డన్ తెచ్చిన జేబు సాధనాన్ని పెట్టి చూడండి. దానికి ఆయన ‘ఎస్క్రిత్వార్’ అని పేరు పెట్టాడు, జేబు సహచరుడు అనే ఉపనామం కూడా తగిలించాడు. ఒక లోహపు గొట్టంలో పెన్ను, పెన్సిలు, వాటితో పాటే ఉత్తరాలు తూచే తూనిక. ఆ రోజుల్లో పెన్నీ తపాలా ఎంత గట్టిగా జనం మనసుల్లో నాటుకుందో ఈ ఒక్క వస్తువు చెబుతుంది. ప్రయాణంలో ఉన్న వర్తకుడు సత్రంలో కూర్చుని రాయాలి, రాసింది తూచాలి, డబ్బు కట్టి పంపాలి. ఆ వరస మొత్తం ఒక గొట్టంలోకి చేరింది.

అందం, తెలివి విషయంలో షెల్డన్ సాధనమే నన్ను ముందు పట్టుకుంటుంది. కానీ రెండింటినీ తూకం దగ్గర నిలబెడితే ఫలితం వేరు. విన్‌ఫీల్డ్ స్తంభం బల్ల మీద నిటారుగా నిలబడుతుంది, దాని స్ప్రింగు నిలువు గొట్టంలో ఒక దారిన కదులుతుంది, అంకెలు కళ్లకు ఎదురుగా ఉంటాయి. జేబు సాధనంలో తూనికకు దక్కింది మిగిలిన చోటు మాత్రమే. చేత్తో పట్టుకుని చూడాలి, చెయ్యి వణికితే సూచిక వణుకుతుంది, గీతలు ఇరుకు. సర్దుబాటు చేసుకున్న తూనిక సర్దుబాటు చేసుకున్న మాటే చెబుతుంది. అర ఔన్సు గీతకు కాస్త అటూ ఇటూ ఉన్న ఉత్తరం విషయంలో దాన్ని నమ్మి పెన్నీ కట్టడానికి నేను సిద్ధపడను.

ఇక రెండు పళ్లేల తూనిక సంగతి. సేకరించేవాళ్లు ఎక్కువగా ప్రేమించేది దీన్నే, ఆ ప్రేమకు ఇది తగినదే. దీని అమరిక తపాలా కోసం పుట్టలేదు. 1669లో జిల్ పెర్సొన్ ద రోబెర్వాల్ అనే ఫ్రెంచి గణితవేత్త ప్యారిస్‌లోని శాస్త్ర అకాడమీ ముందు దీన్ని ఒక చిక్కు ప్రశ్నలా ఉంచాడు. ఒకదాని కింద ఒకటిగా రెండు దండెలు. వాటి కొసలను కలుపుతూ రెండు నిలువు కడ్డీలు. నాలుగు కీళ్ల దగ్గర కదిలే చతురస్రం లాంటి చట్రం. దండె ఒరిగినా నిలువు కడ్డీలు నిలువుగానే ఉంటాయి, వాటి పైనున్న పళ్లేలు ఎప్పుడూ నేలకు సమాంతరంగానే లేస్తాయి, దిగుతాయి. బరువును పళ్లెం నడుమ పెట్టినా అంచున పెట్టినా తూకం మారదు. మామూలు తక్కెడ గురించి మనకున్న అవగాహనకు ఇది ఎదురు తిరుగుతుంది. అందుకే అప్పటి శాస్త్రవేత్తలు దీన్ని చిత్రమైన సమస్యగా చూశారు.

మన కొట్లలో వేలాడే తక్కెడను ఉత్తరాలకు వాడి చూస్తే రోబెర్వాల్ అమరిక విలువ తెలుస్తుంది. వేలాడే తక్కెడలో పళ్లేనికి మూడు గొలుసులో తాళ్లో ఉంటాయి. పొడుగాటి కవరు వాటికి తగులుకుంటుంది, వంగుతుంది, సగం బయటికి జారుతుంది. రోబెర్వాల్ తూనికలో పళ్లెం పైన ఆకాశం ఖాళీ. కవరు పళ్లెం కన్నా ఎంత పెద్దదైనా, ఒక పక్కకు ఎంత ఒరిగి ఉన్నా ఫరవాలేదు. చాలాకాలం పాటు గణితవేత్తల ముచ్చటగా మిగిలిన అమరికకు కాగితపు కవరు సరైన పని కల్పించింది. ఆకారానికీ అవసరానికీ ఇంతగా అతికిన పనిముట్టు రాతబల్ల మీద మరొకటి నేనెరగను. ఇంగ్లీషు తూనికలు చాలా వాటిలో కింది దండె పీఠంలోనో పీఠాన్ని ఆనుకునో ఉంటుంది, పీఠం మీద చెక్కిన గుంటల్లో ఇత్తడి పడికట్టు రాళ్లు వరసగా కూర్చుంటాయి. వాటి మీద అర, ఒకటి, రెండు, నాలుగు ఔన్సులని అంకెలు. పీఠం చెక్కదైనా, నగిషీ ఇత్తడిదైనా, పాలరాయిదైనా లోపలి న్యాయం మాత్రం ఒక్కటే.

ఈ న్యాయాన్ని ఇవాళ కూడా పరీక్షించవచ్చు, తూనికకున్న గొప్ప గుణం అది. అర ఔన్సు రాయి 14.17 గ్రాములు తూగాలి, ఔన్సు రాయి 28.35 గ్రాములు. ఇంట్లో ఉన్న డిజిటల్ కాటా మీద పెట్టి చూస్తే నూట యాభై ఏళ్ల నాటి పనివాడు నిజం చెప్పాడో లేదో నిమిషంలో తేలిపోతుంది. పాత వస్తువుల లోకంలో ఇలా తన మాటకు తానే నిలబడే వస్తువులు తక్కువ. గడియారం ఉంది, కొలబద్ద ఉంది, తూనిక ఉంది. బహుళార్థ సాధనాన్ని ఇలా పరీక్షించడానికి దారి లేదు. దాని కత్తి తెగుతుందా, పెన్సిలు కదులుతుందా అని చూడగలం. అది చేసిన వాగ్దానం మాత్రం ఇంకా పెద్దది. ఇది ఉంటే నీకు ఇంకేమీ అక్కర్లేదు అన్నది ఆ వాగ్దానం. దాన్ని ఏ కాటా మీద తూస్తాం?

ఆ వాగ్దానం పరాకాష్ఠకు చేరిన వస్తువు జర్మనీలోని జోలింగెన్ కత్తుల పనివాళ్ల బహుళార్థ కత్తెర. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో ఇవి తోలు తొడుగుల్లో విరివిగా అమ్ముడయ్యాయి, పద్దెనిమిది పనులు చేస్తాయన్న ప్రకటనతో. వాటి జాబితా ఒకసారి చదవండి. బొత్తాల కాజాలు కత్తిరించడం, చుట్ట కొస కోయడం, తీగ తుంచడం, గ్యాసు గొట్టాన్ని పట్టి తిప్పడం, అంగుళాలు కొలవడం, గోళ్లు అరగదీయడం, మర బిగించడం, చుట్టల పెట్టె మూత లేపడం, తుపాకీలో ఇరుక్కున్న తూటా లాగడం, మేకు కొట్టడం, గాజు మీద గీత గీయడం, ఆ గాజు విరవడం, సిరా మరక గీకడం. ఇంకా మిగిలాయి. ఒక పెద్దమనిషి ఒక రోజులో ఏమేం చేస్తాడని తయారీదారు ఊహించాడో ఈ జాబితా ఒక చిన్న నవలలా చెబుతుంది. పొద్దున ఉత్తరాలు, మధ్యాహ్నం వేట, సాయంత్రం చుట్ట, నడుమ ఇంటి మరమ్మతు. ఆ మనిషి నిజంగా ఉన్నాడా అన్నది వేరే ప్రశ్న. ఆ మనిషిలా ఉండాలన్న కోరిక ఉన్నవాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు, కొన్నది వాళ్లే.

జోలింగెన్ ఉక్కు నాణ్యతను నేను తప్పు పట్టను. కత్తెరగా అది చక్కగా తెగుతుంది. నా అభ్యంతరం దాని కూర్పు మీద. సుత్తి పని చేయాలంటే కత్తెరను మూసి తలకిందులుగా పట్టుకోవాలి. అప్పుడు మొనలు అరచేతి వైపు చూస్తాయి. కొలబద్ద పని చేయాలంటే అంచు తిన్నగా ఉండాలి, కత్తెర అంచుకు వంపు కావాలి. తీగ తుంచే నొక్కు వాడిన కొద్దీ కీలు వదులవుతుంది, కీలు వదులైతే కాగితం నలుగుతుంది తప్ప తెగదు. ఒక్కో పని పక్క పని దగ్గర కొంచెం అప్పు చేసింది. ఆ అప్పులన్నీ తీర్చవలసింది కత్తెరే.

అయితే బహుళార్థ సాధనాలన్నీ ఇంతేనా? కానే కాదు. ఇక్కడ మన ఊళ్ల వైపు చూడాలి. తాటాకు మీద రాసే గంటానికి కత్తి తోడుండేది. దక్షిణాదిలో గంటం, కత్తి ఒకే పిడిలోకి మడిచి పెట్టుకునే జంట పనిముట్లు ఎన్నో దొరికాయి. లేఖకుడు ముందు ఆకు అంచులు కత్తితో సరిచేస్తాడు, ఆ వెంటనే అదే పిడి తిప్పి గంటంతో గీస్తాడు. పనికీ పనికీ మధ్య చెయ్యి ఖాళీగా ఉండదు. యూరప్‌లో ఈక కలానికి చిన్న కత్తితో ఉన్న సంబంధమూ ఇలాంటిదే. ఈక మొన అరిగిన ప్రతిసారీ చెక్కాలి, అందుకే కలం పక్కన కత్తి తప్పనిసరి. దక్కన్‌లో బిద్రీ పనితో చేసిన కలందాన్లను చూసినా ఇదే తర్కం కనిపిస్తుంది. కలాలు, సిరాబుడ్డి, కలం చెక్కే కత్తి ఒకే పెట్టెలో ఉండటానికి కారణం అవన్నీ ఒకే పనిలో ఒకదాని వెంట ఒకటి అవసరం కావడం.

దీన్నుంచి నాకు ఒక గీటురాయి దొరికింది. కలిసిన పనులు ఒకే పనిలోని మెట్లయితే ఆ సాధనం నిలుస్తుంది. వేరు వేరు జీవితాల్లోంచి ఏరి తెచ్చిన పనులైతే అది జాబితాగానే మిగులుతుంది. ఈ గీటురాయి మీద షెల్డన్ జేబు సాధనం నెగ్గుతుంది. రాయడం, తూచడం ఒకే పనిలోని మెట్లు. తూనికగా అది బలహీనమే, బహుళార్థ సాధనంగా మాత్రం తెలివైనది. జోలింగెన్ కత్తెర ఓడిపోతుంది. కాగితం కత్తిరించే చేతికి తూటా లాగే కొక్కెంతో ఏ సంబంధమూ లేదు.

షెఫీల్డ్‌లో జోసెఫ్ రాడ్జర్స్ సంస్థ 1851 నాటి మహా ప్రదర్శన కోసం చేయించిన నార్ఫోక్ కత్తిని కూడా ఈ వరసలోనే నిలబెట్టాలి. డెబ్భై అయిదు అలుగులు, ఒక్కోదాని మీదా చెక్కిన దృశ్యాలు. ఇది జేబులో పట్టదు, బల్ల మీద వాడలేం. ఇది వాడుక కోసం పుట్టలేదు, ఊరి నైపుణ్యాన్ని ఎగరేసిన జెండా. ఆ లెక్కన చూస్తే అది పరిపూర్ణం. సేకరించేవాళ్లు మాత్రం ఒక సంగతి గమనించాలి. అలుగుల సంఖ్యను బట్టి విలువ కట్టే అలవాటు ఇలాంటి ప్రదర్శన వస్తువుల నుంచి జారి మామూలు పనిముట్ల మీద పడింది. నాలుగు అలుగుల వాడుక కత్తి కన్నా ఇరవై అలుగుల వాడని కత్తికి ఎక్కువ ధర పలుకుతున్నప్పుడు మనం పనిముట్టును వదిలేసి అంకెను కొంటున్నాం.

అంకెల మాట వచ్చింది కనుక, తూనిక ముఖం మీదికి వద్దాం. సేకర్తకు తూనికలో దొరికే అసలు సంపద అక్కడే ఉంది. అర ఔన్సుకు ఒక పెన్నీ అని చెక్కి ఉంటే ఆ తూనిక 1840కీ 1871కీ మధ్యనాటి రేట్లు చెబుతోందన్న మాట. 1871 అక్టోబరులో ఒక పెన్నీ పరిమితి ఔన్సుకు పెరిగింది. 1897లో, విక్టోరియా రాణి వజ్రోత్సవం నాడు, నాలుగు ఔన్సులకు పెరిగింది. మొదటి ప్రపంచ యుద్ధం నడుమ 1915లో మళ్లీ ఔన్సుకు కుదించుకుపోయింది. 1918లో పెన్నీయే పోయి పెన్నీన్నర వచ్చింది. ఇంగ్లండు సంపన్నతను, గర్వాన్ని, యుద్ధపు ఖర్చును ఈ రేట్ల వెంట నడుస్తూ చదవవచ్చు.

అమెరికాలో దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లారు. షికాగోలోని పెలూజ్ సంస్థ స్ప్రింగు తూనికల ముఖాల మీద ఔన్సులతో పాటు సెంట్లు కూడా అచ్చు వేసింది. ఉత్తరం పెడితే ముల్లు నేరుగా ఎన్ని సెంట్ల స్టాంపు అంటించాలో చూపిస్తుంది. లెక్క చేసే శ్రమ లేదు. కానీ ఆ సౌకర్యంలోనే దాని ఆయువు కూడా రాసి ఉంది. 1885లో మొదలైన ఔన్సుకు రెండు సెంట్ల రేటు, యుద్ధకాలంలో కొన్నాళ్లు పెరిగి తగ్గి, 1932లో మూడు సెంట్లయింది. 1958లో నాలుగు. రేటు మారిన రోజున స్ప్రింగు చెక్కుచెదరకుండా ఉన్నా ముఖం అబద్ధం చెప్పడం మొదలుపెట్టింది. రోబెర్వాల్ తూనికకు ఈ ప్రమాదం లేదు. అది బరువు చెప్పి ఊరుకుంటుంది, డబ్బు లెక్క మనకు వదిలేస్తుంది. పనిముట్టుగా రోబెర్వాల్‌దే పైచేయి. చరిత్ర పత్రంగా పెలూజ్ ముఖానిది పైచేయి. సేకరణలో రెండూ ఉండాలనేది నా మాట. ఒకటే కొనగలిగిన వాళ్లు మాత్రం రోబెర్వాల్‌నే ఎంచుకోవాలి. స్ప్రింగు ఏళ్ల తరబడి సాగి అలసిపోతుంది, సరిపోల్చి తూచే దండె అలసిపోదు. జర్మనీలో పుట్టిన లోలకం తూనికలది మధ్యదారి. వాటిలో స్ప్రింగు లేదు, రాళ్లూ లేవు, ఉత్తరం బరువుకు ఒక దిమ్మె పక్కకు ఊగుతుంది. బల్ల సమంగా లేకపోతే తప్పు చూపిస్తాయి కనుక వాటి కాళ్ల దగ్గర సవరించుకునే మర ఉంటుంది. ఆ మర ఉందో లేదో చూసి కొనాలి.

మన దేశపు తపాలా చరిత్ర ఇక్కడ ఒక అపురూపమైన సంగతి చెబుతుంది. 1854 అక్టోబరు 1 నుంచి బ్రిటిష్ ఇండియాలో దూరంతో నిమిత్తం లేని తపాలా రేటు అమల్లోకి వచ్చింది. పావు తులం ఉత్తరానికి అర్ధణా, అర తులానికి అణా, తులానికి రెండణాలు. తులం అంటే 180 గ్రెయిన్లు, సుమారు 11.66 గ్రాములు. 1835 నుంచి కంపెనీ వెండి రూపాయి బరువు కూడా సరిగ్గా అంతే. అంటే పావలా బిళ్ల బరువు పావు తులం. ఒక పళ్లెంలో పావలా, రెండో పళ్లెంలో ఉత్తరం వేస్తే అర్ధణా స్టాంపు సరిపోతుందో లేదో తెలిసిపోతుంది. బందరులోనో బళ్లారిలోనో ఉన్న ప్లీడరుకు ఇంగ్లండు నుంచి తెప్పించిన ఔన్సుల రాళ్లు ఈ పనికి సరిపోవు. ఆయన సంచీలోని నాణెమే పడికట్టు రాయి. జోలింగెన్ కత్తెర పద్దెనిమిది పనులు కలిపి సాధించలేనిది వెండి రూపాయి రెండు పనులతో సాధించింది. కొనడానికీ తూచడానికీ అదే. రెండు పనుల్లోనూ దానికి కావలసిన గుణం ఒక్కటే, నికరమైన బరువు. నా గీటురాయి మీద నిలిచిన బహుళార్థ సాధనాల్లో దీనికి మొదటి స్థానం ఇస్తాను.

ఇంతవరకూ తూనిక పక్షాన మాట్లాడాను. ఒక్క విషయంలో మాత్రం బహుళార్థ సాధనం దాన్ని చిత్తుగా ఓడిస్తుంది. మనిషి జాడ దానిలోనే ఉంటుంది. తూనిక అరిగితే అది దోషం. కీలు అంచు మొద్దుబారితే ముల్లు బద్ధకిస్తుంది, రాయి అరిగితే అబద్ధం చెబుతుంది. దాని ఆదర్శం ఎవరి జాడా లేకుండా ఉండటం. కత్తుల విషయం వేరు. నాలుగు అలుగుల బల్ల కత్తి చేతిలోకి తీసుకుంటే ఒక అలుగు సగానికి సగం అరిగి, మిగతా మూడు కొత్తగా మెరుస్తూ ఉంటాయి. సిరా గీకే అంచు అరిగి ఉంటే ఆ మనిషి దస్తావేజులు రాసేవాడేమో, పొరపాటు పడ్డ అంకెను చెరిపి దిద్దేవాడేమో అనిపిస్తుంది. పెన్సిలు జారే మీట దగ్గర వెండి పూత పోయి లోపలి లోహం కనిపిస్తే ఆ బొటనవేలు అక్కడ వేలసార్లు ఆనిందని తెలుస్తుంది. తయారీదారు ఊహించిన పెద్దమనిషి ఒకడు, వాడుకున్న మనిషి మరొకడు. అరుగుదల ఆ ఇద్దరికీ మధ్య దూరాన్ని చూపిస్తుంది. తూనిక యుగం సంగతి చెబితే, కత్తి ఒక మనిషి సంగతి చెబుతుంది.

ఈ రెండు దారులూ ఒకే గుమ్మం నుంచి బయల్దేరిన చోటు ఒకటుంది, అది లండన్‌లోని శాంప్సన్ మోర్డన్ సంస్థ. 1822లో జాన్ ఐజాక్ హాకిన్స్‌తో కలిసి మోర్డన్ పెన్సిలు ములుకును ముందుకు తోసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన 1843లో పోయినా సంస్థ నడిచింది. ఉత్తరాల తూనికలూ చేసింది, పెన్ను పెన్సిలు ఒకే గొట్టంలో జారే జంట సాధనాలూ చేసింది, గుడ్లగూబ లాంటి ఆకారాల్లో ముచ్చటైన వెండి పెన్సిళ్లూ చేసింది. సిటీ రోడ్డులోని దాని కర్మాగారం 1941 బాంబు దాడుల్లో ధ్వంసమైంది. మోర్డన్ తూనికను, మోర్డన్ జంట పెన్సిలును పక్కపక్కన పెడితే ఒకే పనితనం రెండు రకాల క్రమశిక్షణలకు ఎలా లోబడిందో కనిపిస్తుంది. తూనికలో నగిషీ అంతా పీఠం మీదే ఆగిపోయింది. దండె, కీళ్లు, పళ్లేలు అలంకారం జోలికి వెళ్లలేదు. పెన్సిలులో నగిషీ పనిముట్టు ఒళ్లంతా పాకింది. ఒకచోట పనివాడు ఎక్కడ ఆగాలో తూకమే చెప్పింది. రెండో చోట ఆగమనే వాళ్లు లేరు. జంట పెన్సిలు బాగుంది, గుడ్లగూబ ముద్దుగా ఉంది, కానీ మోర్డన్ పేరుకు గౌరవం తెచ్చేది ఆ సంస్థ చేసిన సాదా తూనికే అంటాను.

సేకరించేవాళ్లకు ఈ తేడా వల్ల ఆచరణలో రెండు వేరు వేరు నియమాలు ఏర్పడతాయి. తూనిక కొనేటప్పుడు ముందు రాళ్లు చూడాలి. చాలా తూనికలు రాళ్లను పోగొట్టుకుని, వేరే తూనికల రాళ్లతో జతకట్టి సంతలోకి వస్తాయి. గుంటలో రాయి వదులుగా కదిలినా, అంకెకూ గ్రాములకూ పొంతన లేకపోయినా అది సొంత రాయి కాదు. మన దేశంలోనే కొత్తగా పోతపోసిన ఇత్తడి అలంకార తూనికలు పాతవాటి పేరుతో చలామణీ అవుతున్నాయి. రాయి తూచి చూస్తే గుట్టు బయటపడుతుంది. ఖాళీ పళ్లేల మీద ముల్లు కుదురుగా నిలవాలి. పళ్లెం అడుగున ఎవరో అతికించిన సీసపు ముక్క కనిపిస్తే అది పాసంగం, దాన్ని గీకేయకూడదు. పాత యజమాని తూనికను నిజాయితీగా ఉంచుకోవడానికి చేసిన ప్రయత్నమది. చింతపండు పెట్టి తళతళలాడేలా తోమడం మన ఇళ్ల అలవాటు. తూనిక విషయంలో అది హత్యే. చెక్కిన అంకెల్లోని నల్లరంగు కొట్టుకుపోతుంది, రాయి బరువు కూడా కొంత కరుగుతుంది. మెత్తని పొడి గుడ్డ చాలు.

బహుళార్థ సాధనానికి నియమం ఇంకోలా ఉంటుంది. అక్కడ అరుగుదలను కాపాడాలి. అరిగిన అలుగుకు సాన పట్టించకూడదు, వదులైన కీలును కొత్త మరతో బిగించకూడదు, పోయిన పూత మళ్లీ వేయించకూడదు. దంతపు పిడులున్న పేపరు కత్తుల విషయంలో చట్టం కూడా గుర్తుంచుకోవాలి. మన దేశంలో ఏనుగు దంతం అమ్మకం, కొనుగోలు నిషిద్ధం. బ్రిటన్‌లోనూ 2018 చట్టం 2022లో అమల్లోకి వచ్చాక దాదాపు ఆగిపోయింది. ఎంత పాతదైనా కొనకండి. అమెరికాలో 1976లో ఏర్పడిన పాత తూనికల సేకర్తల అంతర్జాతీయ సంఘం తూనికల అధ్యయనానికి ఒక పత్రికనే నడుపుతోంది. బహుళార్థ బల్ల సాధనాలకు అంతటి శ్రద్ధ దక్కలేదు. వాటిని కత్తుల సేకర్తలు ఒక పక్క, పెన్నుల సేకర్తలు ఒక పక్క పంచుకున్నారు. కత్తికీ పెన్నుకూ నడుమ నిలిచిన వస్తువులను చదివేవాళ్లు ఇంకా రావాలి.

నా తీర్పు అడిగితే ఒక్కటే చెబుతాను. వస్తువుగా తూనిక గొప్పది, సాక్ష్యంగా అరిగిన కత్తి గొప్పది, వాడని పద్దెనిమిది పనుల కత్తెర రెండూ కాదు. మన ప్లీడర్ల ఇళ్లలో, కరణాల ఇళ్లలో, పాత వర్తకుల గుమాస్తా బల్లల సొరుగుల్లో ఇలాంటి తూనికలు, కత్తులు ఇంకా ఉండవచ్చు. పాత సామాన్ల వాళ్లు వాటిని ఇత్తడి కింద, ఇనుము కింద కిలోల లెక్కన కొనుక్కుపోతారు. అమ్మే ముందు ఒకసారి సొరుగు తీసి చూడండి. రాళ్లను తూనిక నుంచి విడదీయకండి. అది ఎవరిదో, ఏ ఊళ్లో ఏ ఉద్యోగంలో ఉండగా వాడారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, ఒక చీటీ మీద రాసి దానితో పాటే ఉంచండి.